టిల్‌బర్గ్‌లో నేసిన గొంగడి

గుర్వమ్మకు ప్రశ్నలడిగే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. మర్రిగూడ దగ్గర ఆమె పుట్టిన ఊరికి మొదటిసారి బోరుబండి వచ్చినప్పుడు, అందరూ నీళ్లు పడతాయా పడవా అని ఊపిరి బిగబట్టి చూస్తుంటే, పన్నెండేళ్ల గుర్వమ్మ బండివాడి చొక్కా పట్టి గుంజి, "గంత లోపటికి పోతే ఆడ ఏముంటది? చీకటేనా?" అని అడిగిందట. వాడు కసిరాడు. ఆమె మాత్రం బండి కదిలేదాకా అక్కడే నిలబడింది.

నేను మర్రిగూడ హైస్కూల్లో సోషల్ చెబుతాను. గుర్వమ్మ కూతురు ఉమారాణి నా దగ్గర చదువుకుంది. ఆ కుటుంబం పరాయి దేశంలో దాదాపు మూడు నెలలు ఉండి వచ్చిందని తెలిసి, పోయిన ఎండాకాలం రెండు మధ్యాహ్నాలు వాళ్లింటి పందిరి కింద కూర్చుని విన్న సంగతి ఇది. చెప్పింది ఎక్కువగా గుర్వమ్మే. మధ్యమధ్యలో ఆమె భర్త లింగస్వామి సరిదిద్దేవాడు.

వాళ్లు కురుమలు. గొర్రెలు మేపడం, ఉన్ని కత్తిరించడం, గొంగళ్లు నేయడం తాతల నాటి పని. ఇప్పుడు వాళ్ల ఊళ్లో మగ్గమున్న ఇల్లు వాళ్లదొక్కటే. గుర్వమ్మ రాట్నం మీద నూలు వడికేది, లింగస్వామి నేసేవాడు. యాభై ఏళ్లు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగిన ఒళ్లు అతనిది. వెన్ను వంగదు, మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. గుంత మగ్గం మాత్రం అతనికి సరిపోయేది. నేలలో తవ్విన గుంతలో కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే నొప్పి కొంచెం ఊరుకుంటుంది. అందుకే అతను ఇంట్లో కన్నా మగ్గం గుంతలోనే ఎక్కువసేపు ఉండేవాడు.

ఉమారాణి నల్లగొండలో డిగ్రీ చదివి, హైదరాబాదులో గొంగళ్లు అమ్మిపెట్టే ఒక సంఘంలో పనికి చేరింది. 2023లో నెదర్లాండ్స్ దేశంలోని టిల్‌బర్గ్ అనే ఊరి నుంచి ఆ సంఘానికి ఉత్తరం వచ్చింది. అక్కడ పన్నెండు రోజుల ఉన్ని మేళా జరుగుతుంది, ఉన్ని వడికి గొంగడి నేసే కుటుంబం ఒకటి కావాలి, ఖర్చులన్నీ వాళ్లవే అని. సంఘం వాళ్లు ఇంకెవరినీ వెతకలేదు. మే నెల మధ్యలో ముగ్గురూ విమానమెక్కారు.

కడగని ఉన్నిని ఆ దేశంలోకి రానివ్వరన్నారు. అందుకని గుర్వమ్మ నెల రోజులు కూర్చుని నల్ల ఉన్నిని నూలుగా వడికి ఉండలు చుట్టింది. రాట్నం విప్పి కట్టారు. మగ్గం సామానుతో పాటు, పడుగు నూలుకు గంజి పెట్టడానికి చింతగింజల పిండి ఒక సంచిలో పెట్టుకున్నారు. విమానాశ్రయంలో ఒక అధికారి ఆ సంచి విప్పి, వేలితో తాకి, ఇదేమిటని అడిగాడు. ఉమారాణి చెప్పింది. అతను నమ్మలేదు. అప్పుడు గుర్వమ్మ చిటికెడు పిండి నోట్లో వేసుకుని నమిలి చూపించింది. అతను నవ్వి సగం సంచి ఇచ్చేశాడు. మిగతా సగం ఎందుకు ఉంచుకున్నాడో ఇప్పటికీ ఆమెకు అర్థం కాలేదు.

మేళాలో మొదటి తంటా మగ్గం గుంత. నేలంతా సిమెంటు, తవ్వడానికి వీల్లేదు. మేళా నడిపే యానెకె అనే ఆవిడ వడ్రంగిని పిలిపించింది. అరవై దాటిన మనిషి, బక్కగా, సైకిల్ దిగకుండానే సగం పనులు చక్కబెట్టే రకం. ఆ వడ్రంగి లింగస్వామి కాళ్లు కొలిచి, నడుమెత్తు పెద్ద బల్ల ఒకటి చేసి, దాని మధ్యలో గుంతకు సరిపడా కోసి, మగ్గాన్ని దాని మీద బిగించాడు.

"గాల్ల గుంత తవ్వినట్టుంది" అన్నాడు లింగస్వామి, అందులో దిగి కూర్చుంటూ.

తొమ్మిది రోజులు బాగా గడిచాయి. పదో రోజు పొద్దున కష్టమొచ్చింది. వాళ్లకు ఇచ్చిన గది మేడ మీద. అక్కడి ఇళ్లలో మెట్లు నిచ్చెనలాగా నిటారుగా, పాదం సగమే పట్టేంత ఇరుకుగా ఉంటాయి. మెడ వంగని మనిషికి కింది మెట్టు కనిపించదు. లింగస్వామి రోజూ గోడ పట్టుకుని, అడుగు తడుముకుంటూ దిగేవాడు. ఆ రోజు సాక్సు వేసుకుని దిగాడు. ఐదో మెట్టు మీద కాలు జారింది. వెనకాలే వస్తున్న గుర్వమ్మకు ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు వినబడింది.

దవాఖానలో తొడ ఎముకకు ఫొటో తీశారు. ఆ ఫొటోను చిన్న డాక్టరమ్మ ఒకామె వెలుగులో పెట్టి రెండుసార్లు చూసింది. బయటికి పోయి ఒక పెద్దాయనను తీసుకొచ్చింది. ఆయన మరో ఇద్దరిని పిలిచాడు. నలుగురూ ఫొటో దగ్గర వంగి గుసగుసలాడుతుంటే గుర్వమ్మ కూతురి చెయ్యి పట్టి లాగింది.

"ఏందే ఉమా, ఇరిగింది ఒక్కకాడనేనా?"

"ఒక్కకాడనే అమ్మా. ఇరిగింది చూస్తలేరు, ఎముక చూస్తుండ్రు. గింత తెల్లగ ఎందుకున్నదని."

పెద్ద డాక్టరు ఉమారాణి వైపు తిరిగి, మీ నాన్న ఇన్నేళ్లుగా ఏం తాగేవారని అడిగాడు. ఆమె తండ్రికి చెప్పింది.

"కల్లు" అన్నాడు లింగస్వామి, నొప్పికి పళ్లు బిగబట్టి. "గది సుత ఎప్పుడన్న."

"కల్లు గాదు బాపూ, నీళ్లు."

"నీళ్లా? బోరు నీళ్లు. ఇంకేం దాగుత?"

అలాంటి ఎముకను ఆ పెద్ద డాక్టరు పుస్తకాల్లో మాత్రమే చూశాడట. పైకి రాయిలా గట్టిపడి, తగిలితే సుద్దముక్కలా విరిగే ఎముక. ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశారు. మర్నాడు ఆయన వచ్చి, మీ ఎముకకు బెజ్జం వేస్తుంటే రెండు బరమాలు విరిగాయని చెప్పాడు. బరమా అంటే ఏమిటో ఉమారాణి వేలితో తిప్పి చూపించింది.

"మా కాడ బోరుబండికి సుత గట్లనే ఇరుగుతయి" అన్నాడు లింగస్వామి. ఉమారాణి అది ఇంగ్లీషులో చెప్పగానే డాక్టరు నవ్వబోయి, మళ్లీ ఆగిపోయాడు. ఫొటోను చదువుకునే పిల్లలకు చూపించవచ్చా అని అడిగాడు.

"చూపియ్యమను బిడ్డా. మా కాడికి వచ్చి ఫొటోలు తీసుకపోయినోళ్లు చానమంది. నా పేరు సుత రాసుకొమ్మను."

కాలు నిలబడేదాకా విమానం ఎక్కకూడదన్నారు. ప్రయాణ బీమా ఉండడం వల్ల దవాఖాన సంగతి గడిచింది. వీసా గడువు పెంచడానికి యానెకె ఉమారాణిని వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. మేళా ముగిసి అందరూ వెళ్లిపోయాక, తన ఇంట్లో కింది గదిని వాళ్లకు ఇచ్చింది. మగ్గం బల్లను షెడ్డులో పెట్టించింది. పన్నెండు రోజులకని వెళ్లిన వాళ్లు ఎనభై నాలుగు రోజులు ఉన్నారు.

మొదటి వారం గుర్వమ్మ కిటికీ దగ్గర కూర్చుని వీధిని చూసింది. ఇళ్లన్నీ ఎర్ర ఇటుకవి, ఒకదానికొకటి ఆనుకుని. కిటికీలకు తెరలుండవు, లోపల అన్నం తినేవాళ్లు బయటికి కనిపిస్తారు. ఎవరూ మాత్రం తలతిప్పి చూడరు. చూడొద్దనుకుంటే తెర వేసుకోవచ్చు కదా, తెర లేకపోతే చూడొచ్చు కదా అని ఆమె సందేహం. యానెకెను అడిగింది. యానెకె తన కిటికీ వైపే కొత్తగా చూసి, తనకూ తెలియదంది.

యానెకెకు తెలుగు రాదు, గుర్వమ్మకు ఇంకేదీ రాదు. ఉమారాణి ఇంట్లో ఉంటే ఆమె నోటితో, లేకపోతే సైగలతో సాగేది. ఒకరోజు భోజనాల దగ్గర గుర్వమ్మ గ్లాసు ఎత్తి చూపించి, ఈ నీళ్లు ఏ నదివి అని అడిగింది. ఊరి మధ్య నుంచి పోయే కాలువ చూసింది కనుక దాని పేరు చెబుతారనుకుంది.

"నది నీళ్లు కాదట అమ్మా. భూమిల నుంచి తీస్తరట" అంది ఉమారాణి.

గుర్వమ్మ గ్లాసు కింద పెట్టేసింది. "బోరా?"

"బోరే. చాన లోతుకెళ్లి."

"మరి వీళ్లంత నిలువుగ ఎట్లున్నరే?"

ఉమారాణి ఆ మాటను ఇంగ్లీషులో పెట్టలేక తడబడింది. చివరికి చెప్పగలిగింది. యానెకె తింటున్నది ఆపి, మర్నాడు ఇద్దరినీ వెంటబెట్టుకుని ఊరి బయట నీళ్లు తోడే చోటికి తీసుకెళ్లింది. చూడటానికి ఏమీ లేదు. కంచె, పైన్ చెట్లు, గడ్డిలో అక్కడక్కడా ఇనుప మూతలు. కంచె లోపల పనిచేస్తున్న ఒకతను దగ్గరికి వచ్చాడు. గుర్వమ్మ అతన్ని అడిగిన మాటలను ఉమారాణి ఇప్పటికీ అలాగే చెబుతుంది.

"మంచి నీళ్లని మీకు ఎవలు జెప్పిండ్రు?"

రోజూ పరీక్షిస్తామని అతనన్నాడు.

"రోజూనా? నిన్న మంచిగున్నయి ఇయ్యాల చెడుతయా?"

చెడవు, అయినా చూస్తామన్నాడు. ఇక్కడి మట్టిలో ఆ ఫ్లోరైడ్ విషం తక్కువ, ఉన్నా మొదట్లోనే తెలిసిపోతుందన్నాడు. గుర్వమ్మ కంచె పట్టుకుని ఇనుప మూతల వైపు చాలాసేపు చూసింది. ఇంటికి వచ్చాక భర్త దవాఖాన నుంచి తెచ్చుకున్న సీసా కడిగి, కుళాయి నీళ్లు పట్టి అతని మంచం పక్కన పెట్టింది.

జూన్ మొదట్లో ఒక పొద్దున ఆమెకు గొర్రెల అరుపు వినబడింది. కలగన్నాననుకుంది. చెప్పులేసుకుని బయటికి నడిచి, రెండు వీధులు దాటితే పార్కు. అందులో రెండు వందల దాకా తెల్ల గొర్రెలు గడ్డి మేస్తున్నాయి. కొమ్ములు లేవు, తోకలు పొడుగు. ఒక కుక్క, కర్ర పట్టుకుని ఒక ఆడమనిషి. ముప్పై ఏళ్లుంటాయి, తాడిచెట్టంత ఎత్తు. పేరు మారిట్ అని తర్వాత తెలిసింది.

గుర్వమ్మ మంద వెనకాల నడవడం మొదలుపెట్టింది. మారిట్ పలకరించి, జవాబు రాకపోతే నవ్వి ఊరుకుంది. గంటసేపు అలాగే నడిచారు. అప్పుడు కుంటుతున్న ఒక గొర్రె మీద గుర్వమ్మ కన్ను పడింది. ఎవరినీ అడగకుండా పోయి, దాని వెనక కాలు అందుకుని, ఒక్క తిప్పులో పిరుదుల మీద కూర్చోబెట్టింది. గిట్టల సందు వాసన చూసింది. వేలు పెట్టి తడిమి, చిన్న గాజుపెంకు తీసి మారిట్ అరచేతిలో పెట్టింది. కుక్క మొరుగుతూ చుట్టూ తిరిగింది. ఆ పూట నుంచి గుర్వమ్మ రోజూ మంద దగ్గరికే.

ఒకరోజు ఉమారాణిని వెంట తీసుకుపోయింది, అడగాల్సినవి చాలా పేరుకుపోయాయని.

"మీ తాతలు గొర్లోళ్లేనా బిడ్డా?"

కాదు, మా తాత రైల్వేలో పనిచేశాడంది మారిట్. గొర్రెలు కాయడం తాను బడిలో నేర్చుకుంది.

"గొర్లు గాసుడు బడిల నేర్పుతరా! పరీక్ష సుత ఉంటదా?"

ఉంటుందట. మునిసిపాలిటీ వాళ్లు గడ్డి కోసే యంత్రాలకు బదులు ఈ మందను పెట్టుకున్నారట, అందుకు జీతమిస్తారట. తమ ఊళ్లో పక్కోడి గట్టు మీద గొర్రె మూతి పెడితే తిట్లు తినాలి. ఇక్కడ మేపినందుకు జీతం. ఈ ముక్క లింగస్వామికి చెబితే, నిజం చెప్పు, వాళ్ల మాట నీకు సరిగ్గా అర్థమైందా అని మూడుసార్లు అడిగాడు.

జూన్ మూడో వారంలో ఉన్ని కత్తిరించారు. కరెంటు మిషన్‌తో ఒక్కో గొర్రె రెండు నిమిషాల్లో అయిపోతుంటే గుర్వమ్మ ముక్కున వేలేసుకుంది. తమ దగ్గర కాళ్లు కట్టి, కత్తెరతో కత్తిరిస్తే ఒక్కదానికే అరగంట. సాయంత్రానికి ఉన్ని గుట్టలా పడింది. దీన్ని ఎవరు కొంటారని అడిగింది. ఎవరూ కొనరు, ముతక ఉన్ని, పారేస్తామంది మారిట్.

"పారబోస్తరా?" గుర్వమ్మ గొంతు లేచింది. "గింత మంచి ఉన్ని! అడుగు ఉమా, ఎందుకు పారబోస్తరో అడుగు."

ఉమారాణి అడగలేదు. "మన ఊర్ల సుత గంతే గద అమ్మా. ఉన్ని లేని ఎర్రగొర్లు దెచ్చుకున్నరు, ఉన్నిగొర్లు ఉన్నోళ్లు కత్తిరిచ్చి చెల్కల పడేస్తున్నరు. మన నల్ల ఉన్ని ఎవలు కొంటున్నరు?"

అది నిజమే. గుర్వమ్మ మూడు గోతాలు అడిగి తీసుకుని, వాటి నిండా ఉన్ని కూరుకుంది. మారిట్ వాటిని తన బండిలో యానెకె ఇంటికి చేర్చింది.

పక్కింట్లో షెఫ్ అని ఎనభై నాలుగేళ్ల ముసలాయన ఒంటరిగా ఉండేవాడు. పద్నాలుగో ఏట నుంచి ఆ ఊరి ఉన్ని మిల్లులో పనిచేసినవాడు. ఒకప్పుడు ఆ ఊరినిండా మిల్లులే, ఇప్పుడు ఒక్కటీ లేదు. గుర్వమ్మ పెరట్లో తొట్లు పెట్టి ఉన్ని కడుగుతుంటే, వాసన పట్టి కర్ర పొడుచుకుంటూ గోడ దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాపి చిటికెడు ఉన్ని అడిగి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. గుర్వమ్మ మామ కూడా అచ్చంగా అలాగే చేసేవాడు. ఆమె కడగడం ఆపి ఆయననే చూసింది.

వాళ్ల ఊరివాళ్లకు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పెట్టిన ఒక పేరుంది, అది ఆయనే నవ్వుతూ చెప్పాడు. పాత రోజుల్లో ఇంటింటా కుండలో ఉచ్చ పట్టి మిల్లుకు పంపేవారట, ఉన్ని శుభ్రం చేయడానికి. అందుకని వీళ్లను కుండల్లో పోసేవాళ్లని ఎగతాళి చేసేవారు. ఉమారాణి సిగ్గుపడుతూ తెలుగులో చెప్పింది. గుర్వమ్మకు సిగ్గేమీ లేదు. మగవాళ్లదా, ఆడవాళ్లదా, అందరిదీనా, ఎన్నాళ్లు నిలవ ఉంచాలి అని వరసగా అడిగింది. షెఫ్ అన్నింటికీ ఓపికగా జవాబిచ్చాడు. ఆ సంగతులు అడిగినవాళ్లు నలభై ఏళ్లలో ఎవరూ లేరట. మర్నాడు తన తల్లి వాడిన ఉన్ని దువ్వెనల జత అటక మీద నుంచి దింపించి తెచ్చిచ్చాడు.

గుర్వమ్మ దువ్వింది, వడికింది. జూలై మొదటి వారానికి తెల్ల నూలు ఉండలు గది మూల నిండిపోయాయి. లింగస్వామి చక్రాల కుర్చీలో కూర్చుని అవన్నీ చూస్తున్నాడు. అతని కాలు ఇప్పట్లో మగ్గం గుంతలోకి దిగదు.

"గింత నూలు ఒడికినవు. ఇగ నేసేదెవలు?" అన్నాడు.

"నేను గూసుంట."

లింగస్వామి కిటికీ వైపు తిరిగాడు, కుర్చీతో సహా. వాళ్లింట్లో ఆడవాళ్లు మగ్గం గుంతలో దిగింది లేదు. దిగకూడదని ఎవరూ అనలేదు, దిగినవాళ్లు లేరంతే. కాపురానికి వచ్చిన కొత్తలో గుర్వమ్మ అత్తను అడిగింది, మనం ఎందుకు నేయమని. ముందు పొయ్యి చూసుకో అంది అత్త. అది ముప్పై ఐదేళ్ల కిందటి మాట.

"నీకు రాదు" అన్నాడు లింగస్వామి చివరికి.

"నువ్వు చెప్తే వస్తది."

"చేతులు నొస్తయి."

"నీయి నొయ్యలేదా?"

తీరా చూస్తే గంజికి చింతగింజలు లేవు. ఉన్న పిండి మేళాలోనే అయిపోయింది. ఉమారాణి ఊరంతా తిరిగి, ఒక ఆసియా దుకాణంలో తియ్య చింతకాయల పెట్టెలు దొరికితే పన్నెండు పెట్టెలు కొనుక్కొచ్చింది. అన్ని చింతకాయలు ముగ్గురు తినలేరు. యానెకె వాటిని గిన్నెల్లో పోసి ఇంటింటికీ పంచింది, గింజలు మాత్రం తిరిగి ఇచ్చేయాలని చెప్పి. ఆ వారమంతా వీధిలోవాళ్లు చింతపండు చీకుతూ కనిపించారు. మొదట ముఖాలు ముడిచారు, తర్వాత రెండో విడత అడిగారు. షెఫ్ కట్టుడు పళ్లు తీసేసి తిన్నాడు. జాము సీసాల్లో కడిగి ఆరబెట్టిన గింజలు ఒక్కొక్కరే తెచ్చి గుమ్మం దగ్గర పెట్టిపోయారు. వేయించి, పొట్టు తీసి, యానెకె కాఫీ మిషన్‌లో పోస్తే అది నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. మిగతావి సుత్తితో దంచారు.

షెడ్డులో గుర్వమ్మ మగ్గం ఎక్కింది. నిజంగానే ఎక్కింది, బల్ల నడుమెత్తు కదా. లింగస్వామి కుర్చీలో ఎదురుగా కూర్చున్నాడు. మొదటి రోజు జానెడు నేస్తే అంచు పాములా వంకర తిరిగింది.

"ఇప్పెయ్" అన్నాడు.

విప్పింది. రెండో రోజు మళ్లీ ఇప్పెయ్ అన్నాడు. మూడో రోజు ఆమె పోగును అటూ ఇటూ విసిరే నాడె కింద పెట్టి దిగిపోయి, మంద దగ్గరికి వెళ్లి సాయంత్రం దాకా రాలేదు. వచ్చేసరికి లింగస్వామి కుర్చీని బల్ల పక్కకు జరిపించుకుని ఉన్నాడు.

"తప్పు నీది గాదు" అన్నాడు. "నేను నోటితోటి చెప్తున్న. నా చేతులకు తెలిసినంత నా నోటికి తెల్వది. ఇటు రా. నా చేతి మీద చెయ్యి పెట్టు."

పక్క నుంచి వంగలేని మనిషి, చెయ్యి మాత్రం చాచి నాడె విసిరాడు. అతని మణికట్టు మీద గుర్వమ్మ చెయ్యి. ఎక్కడ లాగుతున్నాడో, ఎక్కడ వదులుతున్నాడో ఆమెకు అప్పుడు తెలిసింది. ముప్పై ఐదేళ్లు ఆ మగ్గం చప్పుడు వింటూ వడికిన మనిషి. "గా చప్పుడు నాకు ముందుగాలనే వచ్చు సారూ. చెయ్యే దాన్ని అందుకోవాలె" అని నాతో చెప్పింది.

తెల్ల గొంగడి, అంచులకు ఇంటి నుంచి తెచ్చిన నల్ల నూలు. పంతొమ్మిది రోజులు పట్టింది. మగ్గం మీద నుంచి కోసి పరిచాక లింగస్వామి కర్రతో మూడుచోట్ల పొడిచి మూడు తప్పులు చూపించాడు. తర్వాత అరచేత్తో నిమిరి, "వానకు ఆగుతది" అన్నాడు. అతని దగ్గర అంతకన్నా పెద్ద మెప్పు లేదని ఉమారాణి అంటుంది.

గొంగడి ఎవరికివ్వాలో గుర్వమ్మ ముందే అనుకుంది. జూలై చివర ఒక వాన రోజు పార్కుకు బయలుదేరారు. లింగస్వామి నాలుగు కాళ్ల ఊతకర్రతో మొదటిసారి అంత దూరం నడిచాడు, షెఫ్ పక్కన నడిచాడు. ఇద్దరూ ఒకే నడక. మారిట్ ప్లాస్టిక్ కోటులో తడుస్తూ నిలబడి ఉంది. గుర్వమ్మ ఆ కోటు విప్పించి, గొంగడిని మూల మడిచి, తల మీంచి కొప్పెరగా, వాన ముసుగులా వేసి, మెడ దగ్గర ముడి వేసింది. ఎత్తు మనిషి కనుక మోకాళ్ల దాకానే వచ్చింది. కుక్క ఆమెను గుర్తుపట్టక మొరిగింది. గొర్రెలు మాత్రం దగ్గరికి వచ్చి మూతులు పెట్టి వాసన చూశాయి. వాన చినుకులు ఉన్ని మీద పడి జారిపోతుంటే మారిట్ చెయ్యి చాపి చూసుకుంటూ ఉండిపోయింది. తర్వాత ఏదో అంది. ఉమారాణి చెప్పకముందే గుర్వమ్మ తలూపింది.

ఆగస్టు పదో తారీఖున బయలుదేరారు. రాట్నం వెంట వచ్చింది, మగ్గం బల్ల అక్కడే ఉండిపోయింది.

లింగస్వామి ఇప్పుడు చేతికర్రతో నడుస్తాడు. వెన్ను ఎప్పటిలాగే ఉంది, అది బాగయ్యేది కాదని అక్కడి డాక్టర్లు దాచకుండా చెప్పారు. గుంతలో ఎక్కువసేపు కూర్చోలేడు. ఇంటి మగ్గం మీద గుర్వమ్మే నేస్తోంది. మొదట్లో కులపెద్ద ఒకాయన వచ్చి, ఆడమనిషి మగ్గంలో కూర్చోవడమేమిటని అన్నాడు. ఎందుకు కూర్చోవద్దో చెప్పమని గుర్వమ్మ మర్యాదగానే అడిగింది. ఆయన అరగంట కూర్చుని, చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఇప్పుడు బక్కమ్మ, స్వర్ణ అని ఇద్దరు ఆడవాళ్లు ఆమె దగ్గరికి నేర్చుకోవడానికి వస్తున్నారు. వాళ్లకు ఆమె నోటితో చెప్పదు, చెయ్యి పట్టుకుని చూపిస్తుంది.

ఊరికి ఇప్పుడు కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి. వచ్చిన నెలలోనే గుర్వమ్మ పంచాయతీ ఆఫీసుకు పోయి ఈ నీళ్లు ఎప్పుడు పరీక్షించారని అడిగింది. అడిగి ఊరుకోలేదు, మళ్లీ పోయింది. చివరికి పరీక్ష డబ్బా ఒకటి మా బడికి చేరింది. తొమ్మిదో తరగతి పిల్లలు నెలకొకసారి ట్యాంకు నీళ్లు పట్టి, రంగు చూసి, గోడ మీద తారీఖు వేస్తున్నారు. ఆమె వచ్చి ఆ గోడ ముందు నిలబడుతుంది. ఆమెకు చదువు రాదు, పిల్లలతో చదివించుకుంటుంది.

షెఫ్ మరుసటి చలికాలంలో పోయాడు. యానెకె ఫోన్ చేసి చెప్పింది. ఆ రోజు గుర్వమ్మ ఆయన ఇచ్చిన ఉన్ని దువ్వెనలు కడిగి ఎండబెట్టిందని లింగస్వామి అన్నాడు.

రెండో మధ్యాహ్నం లేవబోతూ, అక్కడ మీకు అర్థం కానిది ఏమైనా మిగిలిందా అని అడిగాను. పందిరి కిందే మగ్గం గుంతలో ఉన్న గుర్వమ్మ వేళ్లు ఆపి ఆలోచించింది.

"ఒకటున్నది సారూ. ఆడ ఎండకాలం పొద్దు గూకనే గూకది. మనం తిని పండుకునే యాళ్లకు సుత ఎండ గొడ్తది. మరి గొర్లకు పండుకునే యాళ్లయిందని ఎట్ల తెలుస్తది? మారిట్‌ను అడుగుదామనుకున్న, యాదిమర్సిన."

"ఇన్ని రోజుల సంది గిదే నస" అన్నాడు లింగస్వామి. "అడగరాదె మరి."

గుర్వమ్మ గుంతలోంచి లేచి, చేతులు చీరకు తుడుచుకుని, ఉమారాణికి ఫోన్ కలిపింది. కూతురు ఎత్తగానే, తిన్నావా అని కూడా అడగకుండా, మారిట్‌కు ఒక మాట రాయమని మొదలుపెట్టింది.